తెర లేని గ్రాఫిక్స్ టాబ్లెట్ ఎంపిక: కొలతలు, ఫెయిలైన చోట్లు, చివరి సెట్టింగ్స్

పని రెండు రకాలు. మొదటిది ఫోటో ఎడిటింగ్: మాస్కులు (మార్పు ఫోటోలో ఎక్కడ పడాలో చెప్పే నలుపు తెలుపు పొరలు) గీయడం, చర్మం మీద మచ్చలు తీయడం, వెలుగునీడలు సర్దడం. రెండోది లైన్ డ్రాయింగ్, దాని మీద కాస్త రంగులు. రెండింటికీ ఒకే టాబ్లెట్ కావాలి, ఖర్చు అదుపులో ఉండాలి. తెర మీదే గీసే పెన్ డిస్‌ప్లేల ఖర్చు వేరే స్థాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. ఇక్కడ రాసేదంతా తెర లేని మామూలు పలక గురించే. పెన్ను పలక మీద కదులుతుంది, కళ్లు మానిటర్ మీద ఉంటాయి.

మానిటర్ 24 అంగుళాలది, 1920×1080. కంప్యూటర్‌లో విండోస్. బొమ్మలకు క్రిటా, ఫోటోలకు గింప్, ఫోటోషాప్. డబ్బు లెక్క పాళ్లలో రాస్తాను: మొత్తం బడ్జెట్ 100 పాళ్లు అనుకోండి. మీ బడ్జెట్ ఎంతైనా ఆ లెక్కకు సరిపెట్టుకోవచ్చు.

దశ 1: కొనకముందు కాగితం మీద లెక్కలు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించే సంఖ్యలు రెండు: ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఒత్తిడిని ఎన్ని మెట్లుగా గుర్తిస్తుందన్నది), ఎల్‌పీఐ. ముందు వీటి సంగతి తేల్చుకున్నాను.

ప్రెషర్ లెవెల్స్ చిన్న సైజు వన్ బై వాకామ్‌లో 2048, ఇంటూవోస్‌లో 4096, హ్యూయాన్ హెచ్640పీలో 8192. ఈమధ్య వచ్చే మోడళ్లలో 16384 అని కూడా వేస్తున్నారు. కానీ 8 బిట్ ఫోటోలో ఒక్కో రంగు ఛానల్‌కు ఉండేది 256 మెట్లు. 100 పిక్సెళ్ల బ్రష్ సైజును ప్రెషర్‌తో మార్చినా, 2048 లెవెల్స్‌లో ఒక్కో మెట్టుకు వచ్చే తేడా 0.05 పిక్సెల్. కంటికి ఆనదు. 2048 దాటాక ఈ సంఖ్యను పట్టించుకోనక్కర్లేదని తీసేశాను.

ఎల్‌పీఐ అంటే అంగుళానికి పలక ఎన్ని గీతలు గుర్తించగలదన్నది. 2540 అంటే మిల్లీమీటరుకు 100, 5080 అంటే 200. చిన్న టాబ్లెట్ వెడల్పు 152 మి.మీ. అనుకుంటే 2540తోనే 15,200 బిందువులు వస్తాయి. 1920 పిక్సెళ్ల తెర మీద ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 8. 4కే తెరకైనా ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 4 ఉంటాయి. ఇదీ లిస్టులోంచి పోయింది.

మిగిలిన అసలు సంఖ్య సైజు. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 531 మి.మీ. ఇక లెక్క తేలికే:

1. చిన్న టాబ్లెట్, 152×95 మి.మీ.: పెన్ను 1 మి.మీ. కదిలితే తెర మీద కర్సర్ 3.5 మి.మీ. కదులుతుంది.
2. మధ్య సైజు, 254×159 మి.మీ. (ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2, హ్యూయాన్ హెచ్610 ప్రో వీ2 ఈ సైజువే): 1 మి.మీ.కి 2.1 మి.మీ.
3. దీన్ని మించిన సైజులు: బల్ల మీద చోటు లేదు.

మూడోది ఊహించి రాసింది కాదు. అట్టపెట్టె కోసి ముక్కలతో చూశాను. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. స్పెసిఫికేషన్‌లో ముందు కనిపించేది గీసే చోటు కొలత. బాడీ దానికంటే చాలా పెద్దది. మధ్య సైజు టాబ్లెట్ గీసే చోటు 25 సెం.మీ. అయితే బటన్లతో కలిపి బాడీ 35 సెం.మీ. దాకా పోతుంది. అందుకే అట్టముక్క బాడీ కొలతకు కోసి, దాని మీద గీసే చోటును పెన్సిల్‌తో గీసుకోవాలి. కీబోర్డు ముందు పెట్టి, మామూలు పెన్నుతో ఉత్తుత్తిగా గీస్తూ మోచెయ్యి బల్ల అంచు దాటిపోతోందా చూడాలి. నాకు మధ్య సైజు దగ్గర కీబోర్డును ఒక పక్కకు జరపాల్సొచ్చింది. చిన్నది కీబోర్డు పక్కనే పట్టింది. ఆ సౌకర్యం చూసే మొదట చిన్నది తీసుకున్నాను.

దశ 2: సెకండ్ హ్యాండ్ చిన్న టాబ్లెట్

కంపెనీ పేరు రాయను. ఒక పాత ముక్కను చూసి మొత్తం మోడల్‌ను తప్పు పట్టడం న్యాయం కాదు. వాడిన టాబ్లెట్ కొనేటప్పుడు చూడాల్సినవి మాత్రం రాస్తాను:

1. పలకను లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. మధ్యలో నున్నగా మెరిసే మచ్చ ఉంటే అక్కడ పైపొర అరిగిపోయినట్టే. గీతలు ఉన్నా పనిచేస్తుంది గానీ నిబ్ (పెన్ను కొన) ఒకచోట జారి, ఒకచోట పట్టేస్తుంది.
2. యూఎస్‌బీ వైరు పెట్టి మెల్లగా పైకీ కిందికీ కదపండి. కనెక్షన్ పోతే కొనకండి. మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత వాటిలో ముందు పాడయ్యేది ఈ పోర్టే. టైప్-సీ నయం.
3. పెన్ను దానిదేనా అడగండి. ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ పలక మీద సాధారణంగా పనిచెయ్యదు. ఒకే కంపెనీలో కూడా అన్ని మోడళ్లకూ ఒకటే పెన్ను కాదు. పెన్ను లేకుండా చవగ్గా వచ్చే పలక చవక కాదు.
4. నాలుగు మూలల్లోనూ కర్సర్ తెర మూలదాకా వెళ్తోందా చూడండి.

నేను తీసుకున్నది నాలుగూ పాసైంది. వైరు మాత్రం గట్టిపడి వంగడం లేదు, కొత్తది తీసుకున్నాను.

ఇప్పటిదాకా: టాబ్లెట్ 30 + వైరు 4 = 34.

దశ 3: ప్రెషర్ రాదు, గుండ్రటి రింగు వస్తుంది

డ్రైవర్ వేశాక క్రిటాలో అంతా బాగానే ఉంది. మిగతా రెండింటిలో రెండు వేరువేరు గోలలు.

గింప్‌లో పెన్ను కదులుతోంది, గీత పడుతోంది, కానీ ఎంత నొక్కినా ఒకే మందం. అక్కడ రెండు తాళాలు ఉన్నాయి, రెండూ తియ్యాలి. ఎడిట్ మెనూలో ఇన్‌పుట్ డివైసెస్ తెరిచి, పెన్ను పేరు ఎంచుకుని, మోడ్‌ను స్క్రీన్ అని పెట్టి సేవ్ చెయ్యాలి. తర్వాత బ్రష్ ఆప్షన్లలో డైనమిక్స్ దగ్గర ప్రెషర్ ఒపాసిటీ (నొక్కేకొద్దీ రంగు చిక్కబడుతుంది) గానీ ప్రెషర్ సైజ్ (నొక్కేకొద్దీ గీత లావవుతుంది) గానీ ఎంచుకోవాలి. మొదటిది మాత్రమే చేసి ఊరుకుంటే ప్రెషర్ గింప్‌కు చేరుతుంది గానీ బ్రష్‌కు చేరదు.

ఫోటోషాప్ గోల దీనికి తలకిందులు. ప్రెషర్ వస్తోంది గానీ, పెన్ను ఒకచోట ఆనించి అర క్షణం ఆగితే కర్సర్ చుట్టూ గుండ్రటి రింగు. అది విండోస్ "నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్" సదుపాయం. మచ్చలు తీసేటప్పుడు, అంటే సరిగ్గా పెన్ను ఆగి ఆగి కదిలే పనిలో, ప్రతి చుక్కకూ అడ్డం పడుతుంది. డ్రైవర్‌లో విండోస్ ఇంక్ (పెన్ను సమాచారాన్ని ప్రోగ్రాములకు చేర్చే విండోస్ సొంత దారి) టిక్కు తీసేస్తే రింగు పోయింది, దాంతోపాటు ఫోటోషాప్‌లో ప్రెషర్ కూడా పోయింది.

బయటపడే దారులు రెండు:

1. విండోస్ ఇంక్‌ను ఉంచేసి, కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి, ప్రెస్ అండ్ హోల్డ్ సెట్టింగ్స్‌లో రైట్ క్లిక్ టిక్కు తీసెయ్యడం.
2. విండోస్ ఇంక్ తీసేసి, ఫోటోషాప్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లో పీఎస్‌యూజర్‌కాన్ఫిగ్ అనే టెక్స్ట్ ఫైలు పెట్టడం. అందులో యూజ్ సిస్టమ్ స్టైలస్ అన్న మూడు ఇంగ్లిష్ మాటలనూ కలిపి ఒకే మాటగా రాసి, ఒక ఖాళీ వదిలి 0 వెయ్యాలి. అప్పుడు ఫోటోషాప్ పాత విన్‌ట్యాబ్ దారిలో ప్రెషర్ తీసుకుంటుంది.

మొదటి దారిలో రింగు పోయింది గానీ గీత మొదట్లో చిన్న తటపటాయింపు మిగిలింది. రెండోదానిలో అదీ లేదు. క్రిటా సెట్టింగ్స్‌లో కూడా టాబ్లెట్ ఇన్‌పుట్‌కు విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ రెండూ ఉంటాయి. ఒక దారి ఎంచుకున్నాక ప్రోగ్రాములన్నీ ఆ దారిలోనే ఉండేలా చూసుకోండి. ఒకటి ఇటు, ఒకటి అటు ఉంటే ఏ టిక్కు దేన్ని చెడగొట్టిందో కనిపెట్టడానికే పొద్దు పోతుంది.

దశ 4: గుండ్రం కోడిగుడ్డు అవుతోంది

బొమ్మలు మొదలెట్టగానే ముఖాలన్నీ కాస్త వెడల్పుగా వస్తున్నాయి. చేతి దోషమా, మిషన్ దోషమా తేల్చడానికి సీసా మూత ఒకటి పలక మీద పెట్టి చుట్టూ గీశాను. గీసిన వలయం అడ్డకొలత 40 మి.మీ. తెర మీద క్రిటాలో కొలిస్తే వెడల్పు 505 పిక్సెళ్లు, ఎత్తు 455. అంటే 11 శాతం అడ్డంగా సాగింది.

కారణం లెక్కలోనే ఉంది. పలక 152×95, అంటే 16:10. మానిటర్ 16:9. డ్రైవర్ మామూలుగా మొత్తం పలకను మొత్తం తెరకు అతికిస్తుంది. ఈ ఖరీదులో దొరికే పలకలు ఎక్కువగా 16:10 కొలతలోనే ఉంటాయి కాబట్టి 16:9 మానిటర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఇది తప్పదు. డ్రైవర్‌లో నిష్పత్తి నిలబెట్టే ఆప్షన్ ఉంటే టిక్కు పెట్టండి. లేకపోతే గీసే చోటు ఎత్తును చేత్తో మార్చుకోవాలి: వెడల్పును 16తో భాగించి 9తో గుణిస్తే వచ్చేదే ఎత్తు. 152కి 85.5 మి.మీ. కింద 9.5 మి.మీ. పట్టీ వృథా పోతుంది, పోనివ్వండి. మూత మళ్లీ గీస్తే రెండువైపులా 505.

ఫోటో పని మాత్రమే చేసేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియకపోవచ్చు. అక్కడ ఫోటో అంచు వెంటే కదులుతాం, చెయ్యి సర్దుకుపోతుంది. బొమ్మ గీసేవాళ్లకు మాత్రం చేతికి తప్పుడు అలవాటు పడిపోతుంది. డ్రైవర్ వేసిన వెంటనే, మొదటి గీతకు ముందే, మూత పరీక్ష చెయ్యండి.

రెండు మానిటర్లు ఉంటే ఇంకో మాట. పలకను రెండింటికీ కలిపి పరిస్తే అడ్డంగా సాగడం రెండింతలు అవుతుంది. ఒక మానిటర్‌కే కట్టేసి, రెండోదానికి మారడానికి ఒక బటన్ పెట్టుకోవడం మేలు.

దశ 5: ఏటవాలు గీతలో వంకరలు

చిన్న టాబ్లెట్ ఓడిపోయింది ఇక్కడే.

పరీక్ష ఇలా:

1. క్రిటాలో బ్రష్ స్మూదింగ్ (గీతలోని వణుకును సాఫు చేసే సెట్టింగ్) పూర్తిగా ఆపెయ్యండి. మామూలుగా బేసిక్‌లో ఉంటుంది.
2. 3 పిక్సెళ్ల గట్టి అంచు బ్రష్, ప్రెషర్ లేకుండా.
3. ప్లాస్టిక్ స్కేలును 45 డిగ్రీల్లో పెట్టండి. స్టీలు స్కేలు వద్దు. పలక లోపలి తీగచుట్టలు అయస్కాంత క్షేత్రంతో పెన్నును వెతుకుతాయి, దగ్గర్లో లోహం ఉంటే లెక్క తప్పుతుంది.
4. స్కేలు వెంట ఒక గీత వేగంగా, ఒక గీత సెకనుకు సెంటీమీటరు చొప్పున చాలా నెమ్మదిగా గీయండి.
5. జూమ్ 100 శాతంలో పెట్టి చూడండి.

వేగంగా గీసింది తిన్నగా ఉంది. నెమ్మదిగా గీసింది పాము నడక. నడిమి గీత నుంచి అటూ ఇటూ 3, 4 పిక్సెళ్లు. చెయ్యి వణుకు కాదని ఎలా తెలుసంటే, వంకరలు సమాన దూరాల్లో వస్తున్నాయి. చేతి వణుకుకు లెక్కాపత్రం ఉండదు. అదే స్కేలు అడ్డంగా, నిలువుగా పెట్టి గీస్తే వంకరలు లేవు, ఏటవాలుగా మాత్రమే. పెన్ను ఒక తీగచుట్ట పరిధి నుంచి పక్కదానిలోకి వెళ్లేటప్పుడు మధ్యలో స్థానాన్ని లెక్కగట్టడంలో వచ్చే తేడా ఇది.

తగ్గించడానికి చేసినవి: పలకను ల్యాప్‌టాప్ చార్జర్ అడాప్టర్ నుంచి దూరంగా జరిపితే కాస్త తగ్గింది, దాదాపు ఒక పిక్సెల్. కర్సర్ నిలబడిన చోటే సన్నగా వణకడం మాత్రం పూర్తిగా పోయింది. కింద అట్ట వేస్తే తేడా లేదు. డ్రైవర్ కొత్త వెర్షన్ వేస్తే తేడా లేదు. క్రిటాలో స్టెబిలైజర్ పెడితే గీత తిన్నగా వచ్చింది, కానీ పెన్ను వెనకాల గీత ఈడ్చుకుంటూ వస్తుంది. బొమ్మలకు అది సర్దుకోవచ్చు. ఫోటోలో ముఖం అంచు వెంట మాస్కు గీసేటప్పుడు, పని అంతా నెమ్మదిగా, ఏటవాలుగానే ఉంటుంది. అక్కడ ఆ ఆలస్యం భరించలేం.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే, మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్క పరీక్ష చెయ్యండి.

దశ 6: త్రాసు మీద టాబ్లెట్

ప్రెషర్ లెవెల్స్ సంఖ్య పనికిరాదని దశ 1లో రాశాను. పనికొచ్చే సంఖ్య వేరే ఉంది: గీత పడడానికి కనీసం ఎంత నొక్కాలి. ఇది డబ్బా మీద సాధారణంగా ఉండదు. ఇంట్లో 1 గ్రాము దాకా చూపే డిజిటల్ త్రాసు ఉంటే కొలుచుకోవచ్చు.

1. త్రాసు మీద టాబ్లెట్ పెట్టి, రీడింగ్‌ను సున్నా చెయ్యండి.
2. యూఎస్‌బీ వైరు బిగుసుకుపోకుండా వదులుగా వెయ్యండి. గట్టి వైరు పలకను పైకి ఎత్తి రీడింగ్‌ను కదిలిస్తుంది. నాకు ఒక్క వైరు వల్లే 5 గ్రాములు అటూ ఇటూ అయింది.
3. క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో టాబ్లెట్ టెస్టర్ తెరవండి. ప్రెషర్‌ను శాతంలో చూపిస్తుంది.
4. పెన్నును నిలువుగా పట్టి మెల్లగా ఒత్తిడి పెంచండి. శాతం సున్నా దాటినప్పుడు త్రాసు ఎంత చూపిస్తోందో రాసుకోండి. కొన్నిసార్లు చేసి, మధ్యలో ఉన్న సంఖ్య తీసుకోండి.

చిన్న టాబ్లెట్ రీడింగులు:

గీత మొదలు: 17 గ్రాములు
50 గ్రాముల దగ్గర: 9 శాతం
100 దగ్గర: 28 శాతం
200 దగ్గర: 64 శాతం
330 దగ్గర: 100 శాతం

నిబ్ మార్చి చూస్తే మొదలు 15కి దిగింది, అంతకంటే దిగలేదు. పెన్ను బరువు 13 గ్రాములు. అంటే పెన్ను తన బరువు మొత్తం నిబ్ మీద మోపినా గీత పడదు, చేత్తో కొంత నొక్కాల్సిందే. త్రాసు లేనివాళ్లు ఈ దారి వాడుకోండి: పెన్నును వేళ్ల మధ్య పడిపోకుండా మాత్రం ఆపి, బరువు మొత్తం పలక మీదే ఉంచి లాగండి. గీత వస్తే మంచి పెన్నే.

డ్రైవర్‌లో ప్రెషర్ కర్వ్ (ఎంత నొక్కితే ఎంత శాతం అన్న గ్రాఫు) మెత్తగా చేస్తే పోతుంది కదా అంటారు. 15 గ్రాముల లోపు పెన్ను అసలు సమాచారమే పంపడం లేదు. లేనిదాన్ని కర్వ్ ఎక్కడినుంచి తెస్తుంది? కర్వ్ మెత్తగా చేస్తే జరిగేది ఏమిటంటే గీత మొదలే మందంగా మొదలవుతుంది, సన్నని తోక పోతుంది. గట్టిగా నొక్కే చేతివాళ్లకు 15 గ్రాములు లెక్కలోకి రాకపోవచ్చు. ఫోటోలో చర్మం మీద 3 శాతం ఫ్లోతో (బ్రష్ వదిలే రంగు మోతాదు) వెలుగు పూసే పనికి మాత్రం చెయ్యి రోజంతా బిగబట్టి ఉంచాల్సొస్తుంది.

దశ 5, దశ 6 కలిపి చూశాక దీన్ని అమ్మేశాను. వంకర గీతల సంగతి కొనేవాళ్లకు గీసి చూపించే ఇచ్చాను. చేత్తో రాతలు, పాఠాలు చెప్పడానికి అయితే దానికి ఏ లోటూ లేదు.

ఇప్పటిదాకా: 34 − 24 = 10.

దశ 7: మధ్య సైజు, కొత్తది

ఈసారి 254×159 మి.మీ. పలక, బ్యాటరీ లేని పెన్ను, టైప్-సీ పోర్టు, పక్కన 8 బటన్లు.

మొదటి అడ్డంకి పాత డ్రైవరే. కొత్తదాని డ్రైవర్ వేశాక పెన్ను కదులుతోంది గానీ బటన్లు సగం పనిచేస్తాయి, మిగతా సగం తోచినట్టు పనిచేస్తాయి. పాత టాబ్లెట్ డ్రైవర్ కంప్యూటర్‌లో ఉండగా ఇంకోటి వేస్తే రెండూ కొట్టుకుంటాయి. రెండింటినీ తీసేసి, రీస్టార్ట్ చేసి, టాబ్లెట్ వైరు పీకి ఉంచి కొత్తది ఒక్కటే వేసి, అప్పుడు వైరు పెడితే కుదిరింది. ఆన్‌లైన్‌లో "ఈ టాబ్లెట్ పనిచెయ్యదు" అన్న తిట్లలో కొన్నిటికైనా ఇదే మూలం అనుకుంటాను.

కొలతలు:

మూత పరీక్ష, సర్దకముందు: 302×272 పిక్సెళ్లు. ఎత్తును 142.9 మి.మీ.కి తగ్గించాక: 302×302.
నెమ్మది ఏటవాలు గీత: అటూ ఇటూ 1 పిక్సెల్, కష్టపడి చూస్తే కనిపించేంత.
గీత మొదలు: 6 గ్రాములు.
100 శాతం: 370 గ్రాముల దగ్గర.

370 గ్రాములు నా చేతికి ఎక్కువ. పూర్తి నలుపు రావాలంటే నిబ్ విరిగేలా నొక్కాలి. ఇక్కడ కర్వ్ నిజంగా పనికొస్తుంది: పై కొనను ఎడమవైపు లాగి, 250 గ్రాముల దగ్గరే 100 వచ్చేలా పెట్టాను. కింది కొనను ముట్టుకోలేదు. కర్వ్‌ను డ్రైవర్‌లో ఒక్కచోటే మార్చండి. డ్రైవర్‌లో కొంత, క్రిటాలో కొంత మారిస్తే ఒకదాని మీద ఒకటి పడి, గింప్‌లో ఒక చెయ్యి, క్రిటాలో ఒక చెయ్యి అయిపోతుంది.

ఇప్పటిదాకా: 10 + 68 = 78.

దశ 8: ఫోటో పనికి పలక మరీ పెద్దదైంది

ఇది ముందు అనుకోనిది. బొమ్మలకు 254 మి.మీ. హాయిగా ఉంది, పొడుగు వంపులు మణికట్టుతో కాక మోచేతితో వస్తున్నాయి. ఫోటోల దగ్గరకొచ్చేసరికి భుజం లాగడం మొదలైంది. కారణం పని తీరులో ఉంది. బొమ్మ గీసేటప్పుడు చెయ్యి కాన్వాస్ మీదే ఉంటుంది. ఫోటో ఎడిటింగ్‌లో కర్సర్ అస్తమానం ఫోటో మధ్య నుంచి కుడి చివర లేయర్ల దగ్గరికి, అక్కడి నుంచి పైన బ్రష్ ఆప్షన్లకు పరిగెడుతుంది. పెద్ద పలక మీద ప్రతి పరుగూ చెయ్యి పరుగే.

చేసిన మార్పు: డ్రైవర్‌లో ప్రోగ్రామును బట్టి వేరే ప్రొఫైల్. ఫోటోషాప్, గింప్ తెరిచినప్పుడు గీసే చోటు 180×101 మి.మీ. మాత్రమే, పలక మధ్యలో. అప్పుడు 1 మి.మీ. కదలికకు తెర మీద 2.95 మి.మీ. చిన్న టాబ్లెట్ 3.5కీ మధ్య సైజు 2.1కీ నడుమ. క్రిటా తెరిస్తే పలక పూర్తి వెడల్పు. అన్ని డ్రైవర్లలోనూ ప్రోగ్రాము వారీగా చోటు మార్చే వీలు ఉండదు. అలాంటప్పుడు రెండు సెట్టింగ్స్ ఫైళ్లు సేవ్ చేసుకుని మార్చుకోవడమే. పెద్ద పలకను ఇలా చిన్నది చేసుకోగలం, చిన్నదాన్ని పెద్దది చేసుకోలేం. చిన్నదా మధ్యదా అని ఊగేవాళ్లకు నా ఓటు మధ్యదానికి పడింది ఇందుకే. ఫోటోలు తప్ప ఇంకేం చెయ్యననేవాళ్లు, బల్ల ఇరుకుగా ఉన్నవాళ్లు చిన్నదే తీసుకోండి, మంచి పెన్ను ఉన్నది చూసుకుని.

బటన్లు ఎనిమిదిలో రోజూ వేలు పడేవి నాలుగే: అన్‌డూ, స్పేస్ (ఫోటోను జరపడానికి), ఎక్స్ (మాస్కులో నలుపు తెలుపు మార్చడానికి), బ్రష్ సైజు. మిగతావాటికి పెట్టినవి గుర్తు కూడా లేవు. బటన్ల సంఖ్య చూసి ఎక్కువ పెట్టకండి. పెన్ను మీది రెండు బటన్లలో ఒకటి రైట్ క్లిక్, రెండోది ఖాళీ. గీస్తూ గీస్తూ బొటనవేలు దాని మీద పడి అన్‌డూ అయిపోతోంది, అందుకే ఖాళీ చేశాను.

బ్రష్ సంగతి. ఫోటోకు ప్రెషర్ ఒపాసిటీని మాత్రమే మారుస్తుంది, సైజు స్థిరం. లైన్ డ్రాయింగ్‌కు ప్రెషర్ సైజునే మారుస్తుంది, ఒపాసిటీ 100. రెండూ కలిపి పెడితే మాస్కు అంచు ఎక్కడుందో కళ్లకు అందదు.

ముఖం మీద వెలుగునీడలకు ఇప్పుడు వాడే వరస:

1. ఫైలు 16 బిట్‌లో. 8 బిట్ అయితే నున్నటి చర్మం మీద మెట్లు కనిపిస్తాయి.
2. కొత్త లేయర్, మోడ్ సాఫ్ట్ లైట్, 50 శాతం బూడిద రంగుతో నింపాలి.
3. మెత్తని బ్రష్, ఫ్లో 3 నుంచి 5 శాతం, ప్రెషర్‌కు ఒపాసిటీ.
4. తెలుపు, నలుపు ఎక్స్ బటన్‌తో మార్చుకుంటూ పూయాలి.
5. లేయర్‌ను మధ్యమధ్యలో ఆపి చూడాలి. ఒకటే పనిగా దగ్గరగా చూస్తుంటే కన్ను అలవాటు పడి ఎక్కువ పూసేస్తాం.

ఇదే పని మౌస్‌తో చేస్తే ఒపాసిటీ స్లయిడర్ దగ్గరికి వెళ్లొస్తూనే ఉండాలి. జుట్టు అంచు మాస్కు ఒకటి మౌస్‌తో 22 నిమిషాలు పట్టింది. పెన్ను కొత్తలో అదే ఫోటోకు 30 దాటింది, చెయ్యి కుదిరాక 14కి వచ్చింది. మొదట్లో మౌస్‌కంటే నెమ్మదిగా ఉందని టాబ్లెట్‌ను మూలన పడెయ్యకండి.

దశ 9: నిబ్‌లు

కొత్త పలకకు కాగితంలాంటి గరుకు ఉంటుంది. గీయడానికి బాగుంటుంది, నిబ్‌ను మాత్రం తినేస్తుంది. కొన ఒకవైపు చదునుగా అరిగి అంచు పదునెక్కగానే మార్చెయ్యాలి. ఆ అంచే పలక మీద గీతలు పెడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, గోరుకు తగులుతుంది. అరుగుదల ఒకేవైపు పడకుండా పెన్నును వేళ్ల మధ్య అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండడం అలవాటు చేసుకున్నాను.

పలక మీద మామూలు తెల్ల కాగితం అతికించి చూశాను, పెన్సిల్ పట్టు వస్తుందని. వచ్చింది. నిబ్ కొన మాత్రం కళ్లముందే కరిగింది, గీత మొదలవడానికి కావాల్సిన ఒత్తిడిలో తేడా లేకపోయినా. కాగితం పీకేసి, పలుచని ప్లాస్టిక్ షీటు వేశాను. కాస్త జారుడు ఎక్కువ, అరుగుదల బాగా తక్కువ. ఫోటో పనికి ఈ జారుడు నయం. బొమ్మలప్పుడు షీటు తీసేస్తాను. షీటు పాత ఫైలు కవరును కోసి చేసింది కాబట్టి ఖర్చు లేదు.

రెండు వేళ్ల గ్లోవ్ కూడా తీసుకున్నాను. ఈ పలకలకు చేతి స్పర్శ తెలియదు కాబట్టి అది లేకపోయినా గీతలు పడవు. చెమట చేతివాళ్లకు చెయ్యి జారడానికి మాత్రమే పనికొస్తుంది.

ఇప్పటిదాకా: 78 + నిబ్‌ల ప్యాకెట్ 5 + గ్లోవ్ 3 = 86.

ప్రస్తుత స్థితి

విండోస్ ఇంక్ ఆఫ్, ప్రోగ్రాములన్నీ విన్‌ట్యాబ్ దారిలో. క్రిటాకు 254×142.9 మి.మీ., ఫోటోలకు 180×101. కర్వ్ పై కొన 250 గ్రాముల దగ్గర, కింది కొన ముట్టుకోలేదు. క్రిటాలో స్మూదింగ్ బేసిక్, స్టెబిలైజర్ పొడుగు వంపులకు మాత్రమే. పెన్ను వంపును గుర్తించే టిల్ట్ ఈ పలకలో 60 డిగ్రీల దాకా ఉంది. పెన్సిల్ బ్రష్‌ను పక్కకు వాల్చి షేడింగ్ చేసేటప్పుడు పనిచేస్తోంది, ఫోటోల్లో దానితో పనిపడలేదు.

మిగిలిన 14 పాళ్లు ఖర్చు పెట్టలేదు. బల్ల మీద నుంచి కింద పడేది పలక కాదు, పెన్ను. అదీ నిబ్ కిందికి వచ్చేలా పడితే లోపలి ప్రెషర్ సెన్సర్ దెబ్బతిని, పెన్ను గాల్లో ఉండగానే గీతలు పడడం మొదలవుతుంది. ఈ మోడల్‌కు విడి పెన్ను 20 పాళ్ల దాకా ఉంది. ఇంకో 6 కూడేదాకా పెన్నును స్టాండులోనే పెడుతున్నాను.